వంకర మడతలు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి మడతపెట్టే గది. పని చూసే ఆవిడ, ఒక ముసలి వడ్రంగి, పన్నెండేళ్ళుగా అక్కడ మడతలు పెడుతున్న అతని కొడుకు.

“సంతకం పెట్టను బాబాయ్. వాడి ఒంట్లో బాగుందన్న ఆ కాగితం అవతల పెట్టు.”

“ఏటా పెడతావుగా అమ్మా. ఇప్పుడేం ముంచుకొచ్చింది?”

“ఏటా వాడు బాగున్నాడు. ఇదిగో, ఇది చూడు.”

“చూశా. దుప్పటి.”

“మడత చూడు. ఎడమ మూల బెత్తెడు జారింది. నీ కొడుకు మడత నీ మూలమట్టం పెట్టి గీసినట్టు ఉండేది. నర్సులు అసలు పేరు మర్చిపోయి మడతబాబూ అనే పిలుస్తారు. పది రోజులుగా అన్నీ ఇట్లాగే. ఎప్పుడూ ఎడమ పక్కే.”

“బద్ధకం. నాలుగు తగిలిస్తే సర్దుకుంటాడు. ఒరేయ్, సరిగ్గా పెట్టరా!”

“సరిగ్గా పెడతా నాన్నా. సరిగ్గా పెడతా.”

“బద్ధకం కాదు. ఎడం చెయ్యి భుజం దాటి లేవట్లేదు. ఇదివరకు కట్టలకు కట్టలు ఛాతీకి హత్తుకుని మోసేవాడు. ఇప్పుడు తోపుడుబండి లేందే కదలడు. నిన్న ఈ బల్ల అంచు తగిలి కూలబడ్డాడు. నొప్పని మాత్రం అనలేదు. కళ్ళమ్మట నీళ్ళు.”

“నొప్పైతే చెప్పడా? వాడికి బుద్ధి ఎదగలేదు గానీ నోరు బాగానే ఎదిగింది. అన్నం చల్లారితే వీధి చివరిదాకా వినపడుతుంది.”

“అదే నాకూ అంతుపట్టట్లేదు. మడతబాబూ, ఎక్కడ నొప్పిరా?”

“బాగున్నా అక్కా.”

“మరి డొక్క మీద చెయ్యేస్తే అట్లా వెనక్కి పోతావేం?”

“బాగున్నా. బాగున్నా అక్కా. దుప్పట్లున్నాయి. ఇంకా ముప్పై ఉన్నాయి.”

“విన్నావుగా. పెట్టమ్మా సంతకం.”

“ఆగు బాబాయ్. ‘నొప్పులేమైనా ఉన్నాయా’ అన్నచోట ‘లేవు’ అని రాసిందెవరు?”

“నేనే. వాడికి రాయడం వచ్చా?”

“వాణ్ణి అడిగి రాశావా?”

“పన్నెండేళ్ళ నుంచి అదే రాస్తున్నా.”

“అడిగావా?”

“అడిగేదేముంది? ఇంకో ముక్క రాస్తే తీసేస్తారు. ఈ పని పోతే వాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? నువ్వు పెట్టుకుంటావా? నాకు డెబ్భై రెండు. నేను పోయాక వాడికి ఈ గదే దిక్కు.”

“తీసెయ్యరు. పూచీ నాది. పైన డాక్టరమ్మతో మాట్లాడా. పదకొండింటికి చూస్తుంది. వైద్యం చేస్తారు, ఈ చోటు వాడికే ఉంచుతారు.”

“పైకి వద్దు అక్కా.”

“ఏం?”

“పైకి వద్దు. నొప్పి అంటే ఉంచేసుకుంటారు. అమ్మని ఉంచేసుకున్నారు.”

“ఎవరన్నారురా ఆ మాట?”

“నాన్న.”

“బాబాయ్?”

“ఎప్పుడో అన్నదిలే. వదిలెయ్.”

“వదలను. ఏమన్నావు?”

“ఏమంటాను? ఆవిడ పోయాక నెల్లాళ్ళు గుమ్మంలో కూర్చున్నాడు. అమ్మేది, అమ్మేది. మెతుకు ముట్టడు. డాక్టర్లతో నొప్పి అంది, వాళ్ళు ఉంచేసుకున్నారు అని చెప్పా. లేచి అన్నం తిన్నాడు.”

“ఆ తర్వాతేగా ఇక్కడ చేరింది.”

“వాడే పట్టుబట్టాడు. ఈ ఆసుపత్రే కావాలన్నాడు.”

“అయ్యో. అందుకా... ప్రతి దుప్పటీ మడతపెట్టే ముందు వాసన చూస్తాడు బాబాయ్. పన్నెండేళ్ళు. ఉతికినదానికి సబ్బు వాసన తప్ప ఇంకేముంటుందిరా అని నేను నవ్వేదాన్ని.”

“ఇది అమ్మది కాదు అక్కా. ఇదీ కాదు.”

“చెప్పు బాబాయ్ వాడికి. ఇప్పుడే, నా ఎదురుగా.”

“ఏం చెప్పను?”

“నిజం.”

“ఒరేయ్. ఇటు చూడు. దుప్పటి కింద పెట్టు. అమ్మని ఎవరూ ఉంచుకోలేదు. అమ్మ చచ్చిపోయింది. ఇంక రాదు. నొప్పి అన్నందుకు కాదురా. అననందుకు. ఆవిడా నీలాగే పెదవి విప్పలేదు. విప్పుంటే బతికేది.”

“చెప్పింది.”

“ఏంటి?”

“అమ్మ చెప్పింది. వంటింట్లోంచి వచ్చి చెప్పింది. పొట్ట పట్టుకుని. నువ్వు చెప్పులు వేసుకుంటున్నావు. ఓర్చుకోవే అన్నావు. పనికి పోయావు.”

“బాబాయ్, కూర్చో. ఆ బల్ల మీద కూర్చో. మంచినీళ్ళు తెస్తా.”

“ఏం వద్దు. కాగితం ఇటివ్వు. ‘లేవు’ అన్నది కొట్టేస్తున్నా. పదకొండు కావొస్తోంది, వాణ్ణి పైకి తీసుకుపో.”

“నువ్వూ రా. నువ్వొస్తేనే వాడొస్తాడు.”

“వస్తా. ఒరేయ్, నేను పక్కనే ఉంటా. ఎవరూ ఉంచుకోరు. ఉంచుకుంటే నన్నూ ఉంచుకోమంటా, సరేనా?”

“నాన్న కూడానా?”

“నేను కూడా.”

“సరే నాన్నా.”

“అన్నానురా ఆ రోజు. ఓర్చుకోమని అన్నా. ఆ పాపం నాదే, ఇంకెవరి మీదా వెయ్యను. కానీ అంతా చూసినవాడివి, విన్నవాడివి, నీకు నొప్పొస్తే నాతో ఒక్క మాట... ఒక్క మాట చెప్పకూడదురా?”

“చెప్పా నాన్నా.”

“ఎప్పుడు?”

“మొన్న. గుమ్మంలో. నువ్వు చెప్పులు వేసుకుంటున్నావు.”