లిస్టులో లేని టెస్టు

సైనిక్‌పురి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సీనియర్ ఫోన్ పెట్టేసి, జూనియర్ అమ్మాయి పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

"డేటాబేస్ సోర్స్ కోడ్ నువ్వే కంపైల్ చేసినవు గదా?"

"అవునన్నా. ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ సుత నేనే చేసిన."

"టెస్టులన్నీ పాసైనయా?"

"ఒక్కటి ఫెయిలైతుండె. ఎన్నిసార్లు నడిపినా గంతే. దాన్ని లిస్టుల నుంచి తీసేసిన, అప్పుడు ప్యాకేజీ అయింది."

"ఏం టెస్టది?"

"నడుమల కరెంట్ పోతే, రాసిన డేటా ఉంటదా లేదా అని చూసేది."

"గా ప్యాకేజీనే మల్కాజ్‌గిరిల బ్లడ్ బ్యాంకోళ్లకు పెట్టినం."

"ట్రయల్‌కే అన్నవు గదన్నా."

"మొన్న సోమవారం నుంచి వాళ్ల అసలు పని దాని మీదనే నడుస్తుంది."

ఆమె ఫోన్ అందుకుంది.

"ఎవరికి?"

"వాళ్లకే. అన్నీ జెర కాగితం మీద సుత రాసుకోమని చెప్త."

"ఇప్పుడు నాకు ఫోన్ చేసింది వాళ్లే. కరెంట్ పోయొచ్చిందంట. పొద్దుగాల కంప్యూటర్ల ఎక్కించిన బ్లడ్ గ్రూపులు ఒక్కటి సుత కనబడ్తలేదంట."