ఒక్క టైరు ఇప్పలే

హైదరాబాద్ నుంచి కోదాడ వెళ్లే బస్సు సూర్యాపేటలో ఆగి మళ్లీ బయల్దేరింది. ఎల్బీనగర్‌లో ఎక్కింది మొదలు నిద్రపోతున్న తిరుమలేష్‌ని, సూర్యాపేటలో దిగిపోతూ స్నేహితుడు జితేందర్ తట్టి లేపాడు. కిటికీ పక్క సీట్లో తిరుమలేష్ భార్య దీప.

“ఒక్క టైరు కూడ ఇప్పలేదే దీపా! ఒక్కటి!”

“లేచినవా?”

“కండ్లు మూసినా గదే యాదికొస్తుంది. కోదాడ బైపాసు మీద పదకొండేండ్ల సంది లారీల టైర్లు ఇప్పుతున్న. పంక్చర్ షాపోడు కార్ల రేసుకు ఎందుకు పోతడే? టైర్లు మార్చుడు సూడనీకి! ఫోన్ల ఎన్నిసార్లు సూసిన. బండి వచ్చి ఆగుతది, నలుగురు ఉరికొస్తరు, జర్రుమంటది, రెండు సెకండ్లు, ఖతం. గది కండ్లార సూద్దామని పోతే...”

“మార్చలేదా?”

“మార్చరంట! గివి కరెంటు బండ్లంట. ఏ టైర్లతోని మొదలువెడితే గవే టైర్లతోని అయిపోగొడ్తరంట. పక్కసీటోడు చెప్పిండు. ‘టైర్లు మార్చే రేసు వేరే అన్నా, గంత కూడ తెల్వకుండ వచ్చినవా’ అని పకపక నవ్విండు. ముఖం యాడ పెట్టుకోవాలెనే?”

“టికెట్ కొనేముందు అడగాలె గద.”

“జితేందర్‌గాడే గద తెచ్చిండు. కార్ల రేసంటే కార్ల రేసే పా అన్నడు. బియ్యం మిల్లు నడిపేటోనికి ఏం తెల్సు? వానికి వడ్లు తెల్సు, నూక తెల్సు.”

“సప్పుడన్న మంచిగుండెనా?”

“యాడి సప్పుడే! మిక్సీల పచ్చడి ఏసినట్టు సుయ్యిమన్నయి. మన షాపుల కంప్రెసర్ నయం, గుండె అదురుతది.”

“మరి కనబడ్డయా?”

“ఏం కనబడ్డయి, నా మన్ను! కంచె పొడుగూత గుడ్డ కట్టిర్రు. దాని మీదికెల్లి సూద్దామంటే మా ముంగట ఇంత పెద్ద బోర్డు. బోర్డుకు, కరెంటు స్తంభానికి నడుమ జానెడు సందు. గా సందులకెల్లి సుయ్యిమని ఒకటి పోతది. తెల్లదా, నల్లదా, ఏం తెల్వది. మెడ తిప్పీ తిప్పీ నొప్పి లేసింది.”

“ముందు వరుస అన్నరు గద.”

“ముందు వరుసే. బోర్డుకు ముందు వరుస! మా ఎనుక మెట్ల మీద నీడల కూసున్నోళ్ళు వేరే. మెడల పాసుల పట్టీలు, కండ్లకు అద్దాలు. బండ్లు పోతుంటే వీపు పెట్టి సెల్ఫీలు దిగుడే. తిన్న ప్లేట్లు మా నెత్తి మీదికే ఇసిరిర్రు. ఒకని చట్నీ వచ్చి నా అంగి మీద పడ్డది, గిదో సూడు.”

“కనబడుతుంది.”

“తిరిగి సూసిండు. సారీ అన్న అంటడేమో అనుకున్న. ‘ప్లేటు అందుకో’ అన్నడు. థూ! నన్ను ప్లేట్లు ఎత్తేటోడు అనుకున్నడు.”

“ఎత్తినవా?”

“...ఎత్తిన. చేతులకొచ్చింది, ఎత్తిన. ఏం జెయ్యాలె మరి?”

“నేను పోసిచ్చిన నీళ్ళ బాటిల్ ఏది?”

“గేటు కాడనే గుంజుకొని కుప్పల పారేసిర్రు. లోపల కొనుక్కోవాల్నంట. మీద నీడ లేదు, ఎండకు తలకాయ పలిగింది. పక్కనే హుస్సేన్ సాగర్ కంపు ఒకటి. ఇగ మనోళ్ళు తక్కువున్నరా? చిప్స్ కాయితాలన్ని నీళ్ళల్లకే. గొడుగులు పట్టుకొని నిలబడ్డ ఆడపిల్లలను సూసి ఒకటే ఈలలు. సిగ్గు లేకుండ జితేందర్‌గాడు కూడ ఏసిండు.”

“నువ్వు?”

“నేనెందుకేస్తనే?”

“ఏసినవా, ఏయలేదా?”

“ఒక్కటే. అందరు ఏస్తుంటే నోట్లకెల్లి వచ్చింది.”

“ఛీ.”

“ఛీ అను, నేను కూడ అనుకుంటున్న. ముప్పావు గంటల అంతా ఖతం. ఎవడు గెలిచిండో కూడ తెల్వలే. బయటికొచ్చినంక ఫోన్ల సూసి తెల్సుకున్న. గీ దానికి పొద్దుగాల లేచి... సరే గని, నీ సంగతి చెప్పు. నౌకరీ పరీక్ష పేపర్ ఎట్లొచ్చింది?”

“జితేందర్ అన్న సంచి దింపుకున్నడా? మర్సిపోలే గద?”

“వాని సంచి సంగతి ఎందుకే? పేపర్ ఎట్లొచ్చిందని అడుగుతున్న.”

“ఎల్బీనగర్ల బస్సు ఎక్కంగ అడగలే.”

“నిద్ర ఆపుకోలేకపోయిన. ఇప్పుడు అడుగుతున్న గద.”

“పొద్దుగాల సూర్యాపేటల ఎంతసేపు ఆగినం, యాదికుందా?”

“ఎంతసేపు? పది నిమిషాలు.”

“నలభై ఐదు. కోదాడల నాలుగున్నర బస్సు ఎక్కినం. గదే బస్సుల కూసుంటే ఎనిమిదింటికి ఎల్బీనగర్ల ఉంటుంటిమి. జితేందర్ అన్న ఇంకా లేవలేదని నన్ను సూర్యాపేటల దింపినవ్. వాళ్ళింట్ల నువ్వు రెండుసార్లు టీ తాగినవ్. వాకిట్ల నిలబడి సూస్తున్న, మెయిన్ రోడ్డు మీద మూడు బస్సులు పోయినయి.”

“టికెట్లు వాని ఫోన్ల ఉండె. వాన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోత?”

“ఖైరతాబాద్ కాడ ఆటో ఆయన ఏమన్నడు?”

“రేసుకు రోడ్లు మూసిర్రు, ముందటికి పోదు అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“నీ సెంటర్ గీడనే, పది నిమిషాలు నడిస్తే వస్తదన్న.”

“అని?”

“అని... జితేందర్ ఒకటే తొందర పెట్టిండు. ముందు వరుస దొరకదని.”

“మూడు కిలోమీటర్లుండె. అప్పటికే తొమ్మిదీ ఇరవై. పావు తక్కువ పదికి గేటు మూస్తరు, ఒక్క నిమిషం దాటినా లోపలికి రానియ్యరు. నెల సంది చెప్తున్న నీకు. హాల్ టికెట్ మీద రాసున్నది, చదివి వినిపిచ్చిన.”

“వినిపిచ్చినవ్. గంత దూరముందని నాకేం తెల్సే?”

“ఎటు పోయినా అడ్డం పెట్టిర్రు. పోలీసాయన సుట్టు తిరిగి పో అమ్మా అంటడు. సుట్టంటే ఏ సుట్టు? నడుమల చెప్పు తెగింది. రెండు చెప్పులు చేతుల పట్టుకొని ఉరికిన. నీకు ఫోన్ చేసిన, మూడుసార్లు.”

“గేటు కాడ లైన్ల ఉన్న. గా లొల్లిల వినబడలే.”

“తర్వాత సూసినవా?”

“సూసిన. పరీక్షల ఉంటవ్ గద అని మళ్ళ చెయ్యలే.”

“గేటు మూసిర్రు.”

“ఏంది?”

“గేటు మూసిర్రు అంటున్న. ఒక్క నిమిషం.”

“అంటే... రాయలేదా?”

“రాయలే.”

“ఒక్క నిమిషానికా? వాళ్ళేం మనుషులే! కాళ్ళు పట్టుకోకపోయినవా?”

“ఒకామె పట్టుకున్నది. త్రిపురారం ఆమె, శాంతకుమారి, తొవ్వల కలిసింది. ఏడు నెలల కడుపుతోని ఉన్నది. నేలమీద కూసొని గేటుకు తలకాయ కొట్టుకున్నది. ఆమెకే తియ్యలే.”

“థూ! గడియారం సూసి బతుకులు తీసేటోళ్ళు!”

“పొద్దంత నువ్వు సూసింది కూడ గడియారం ఆటనే.”

“అది వేరే, ఇది వేరే. అయ్యో... మూడేండ్లు సదివినవ్ గదనే.”

“మూడేండ్లు. అత్తమ్మకు మందులిచ్చి పండుకోవెట్టినంక, వంటింట్ల కూసొని.”

“మళ్ళ రాయొచ్చా?”

“వచ్చేసారికి నా వయసు దాటిపోతది. గిదే ఆఖరు.”

“ఆఖరా? పక్కానా?”

“పక్కా.”

“...దీపా.”

“ఊ.”

“ఒకమాట చెప్త, కోపం జెయ్యకు.”

“చెప్పు.”

“పోనీ తియ్. ఒకందుకు మంచిదే అయింది.”

“మంచిదా?”

“జర విను. నౌకరీ వస్తే యాడ ఏస్తరో ఏమో. తుంగతుర్తి ఏసినా పొద్దుగాల పోయి పొద్దూకినంక వస్తవ్. అమ్మకు బువ్వెవరు పెడ్తరు? నువ్వు కుర్చీల కూసొని సంతకాలు పెడ్తుంటే నేను గ్రీజు పూసుకొని లారీ కింద పండుకోవాలె. షాపు కాడికి వచ్చేటోళ్ళు ఏమంటరు? మేడమ్ గారి మొగడు, పంక్చర్ ఏస్తున్నడు సూడు అంటరు.”

“అంటే ఏమైతది?”

“నీకేం కాదు, అయ్యేది నాకు! నిజం చెప్తున్న, గీ నెలంత నాకు సక్కగ నిద్ర లేదు.”

“నాకెన్నడు చెప్పలే.”

“ఎప్పుడు చెప్పాలె? ఎప్పుడు సూసినా పుస్తకంల తలకాయ పెట్టుకొని ఉంటివి.”

“అందుకేనా సూర్యాపేటల రెండో టీ తాగినవ్?”

“ఛఛ! గంత మాటంటవా? జితేందర్‌గాడు లేవకపోతే నేనేం జేస్త?”

“నువ్వు లేపినవా?”

“లేపిన.”

“ఎట్ల లేపినవ్?”

“...జర నెమ్మదిగ లేపిన.”

“ఊ.”

“కావాల్నని కాదే. దేవుని తోడు. లోపల ఏదో ఉండె, చెప్పరాదు. ఇగ ఇడిసిపెట్టు, అయిపోయింది గద. ఇంకోటి చెప్పాలె నీకు. మన షాపు పక్క షట్టర్ లేదా, సుధాకర్ సార్‌ది? ఖాళీ అయింది. మాట్లాడిన. పొద్దుగాల నువ్వు ఇడ్లి, దోశ ఏసినవనుకో, లారీలోళ్ళు లైన్ కడ్తరు. నీ చేతి పల్లీ చట్నీ తిన్నోడు ఇంకోకాడికి పోతడా? ఇద్దరం ఒక్కకాడనే ఉంటం. గిదో, తాళం చెవి కూడ ఇచ్చిండు. పట్టుకో.”

“ఎప్పుడిచ్చిండు?”

“మొన్న.”

“మొన్నంటే?”

“పోయిన నెల.”

“పరీక్షకు ముందే.”

“ముందే అంటే... ఎట్లయినా పనికొస్తదని తీసుకున్న.”

“నేను తప్పుతనని అనుకొని తీసుకున్నవా, తప్పాలె అనుకొని తీసుకున్నవా?”

“గట్ల అడుగుతరానే ఎవరన్న?”

“నేను అడుగుతున్న.”

“ఇప్పుడు గవన్ని ఎందుకు? నీకు బాధ ఉంటది, నాకు తెల్వదా? రెండు దినాలు ఏడుస్తవ్, తర్వాత పన్లె పడ్తవ్, మర్సిపోతవ్. అమ్మకు కూడ ఫోన్ చేసి చెప్త. సంబురపడ్తది పాపం, కోడలు ఇంటిపట్టునే ఉంటదని.”

“ఇప్పుడే చేస్తవా?”

“ఇంటికి పోయినంక చేద్దాం తియ్. ఏంది గట్ల సూస్తున్నవ్?”

“పొద్దటి సంది నీ ముఖం సూస్తున్న. గిప్పుడే నవ్వినవ్.”

“నవ్వలే.”

“నవ్వినవ్. చట్నీ పడ్డదంటివి, మెడ నొప్పంటివి, టైరు ఇప్పలేదంటివి. అన్ని చెప్పేటప్పుడు ముఖం ఇంత చేసుకున్నవ్. నేను రాయలేదన్నంక జర్ర సేపట్ల అంతా పోయింది.”

“నీకు ధైర్యం చెప్పనీకి నవ్విన.”

“నాకు అసయ్యమైతుంది.”

“నాకు కాదా? గా రేసు తలుసుకుంటే—”

“రేసు మీద కాదు.”

“మరి?”

“కోదాడ! కోదాడ దిగేటోళ్ళు ముందుకు రావాలె!”

“కండక్టర్ పిలుస్తుండు, జరుగు. ఇంద, గీ తాళం చెవి నువ్వే పెట్టుకో. నేను పరీక్ష రాసిన. గేటు నా ఎనుక మూసిర్రు. పాపం, శాంతకుమారి బయట ఉండిపోయింది, నేను లోపలికి పోయి ఒక్క ప్రశ్న ఇడువకుండ రాసిన. రాయలేదంటే నువ్వేమంటవో విందామని అట్ల చెప్పిన. విన్న.”