తొంభై దాటితే

నా చేతులే వణుకుతున్నాయంటాడేమిటే? బండి వణుకుతోంది బాబూ అని నేనంటే, "నీకూ వయసైంది కదా రోసెందో" అన్నాడు ఓనరు. విన్నావా నెలిదా? ఇన్నేళ్లూ ఈ పటగోనియా గాలికి ఎదురెళ్లి ఆయన ఉన్ని బేళ్లని లారీలో రేవుకి చేర్చింది ఈ చేతులే. బండి ఇంకొకడికి ఇచ్చేస్తాట్ట.

ఉండు, నీ సమాధి మీద పువ్వులు ఎగిరిపోతున్నాయి. ఈ రాయి పెట్టనీ. ఆఁ.

స్పీడు తొంభై దాటేదాకా ఏమీ ఉండదు. దాటిందా, జివ్వున వణుకు. న్యూట్రల్లో వదిలి చూశా, పోలేదు. అంటే ఇంజను కాదన్నమాట. ముందు టైర్లు మార్పించా, బ్యాలెన్సు చేయించా. అయినా అంతే. స్టీరింగు పట్టుకున్నవాడికి అన్నీ చేతుల్లోనే తెలుస్తాయి, పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి అడుగు అన్నాడు మెకానిక్కు గాల్వన్.

పక్క సీట్లో ఎవరున్నారే నాకు?

నువ్వు పోయాక అందులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. దారిలో చెయ్యెత్తినవాళ్లని చూడనట్టే పోయేవాణ్ణి. ఎడెల్మిరా గుర్తుందిగా, పెట్రోలు బంకు దగ్గర రొట్టెలు వేయించి అమ్ముతుంది, మనం తాగే మాతే టీ కోసం ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పోసేది. మొహమాటం చంపుకుని ఆవిణ్ణి అడిగా. సరేనని ఎక్కింది.

తొంభై దాటగానే చెప్పులు విడిచి కాళ్లు కింద ఆనించింది. "చేతుల్లో ఏముంది పెద్దాయనా, ఇదిగో, నా అరికాళ్ల కింద ఉంది" అంది.

ఆ మాట చెప్పగానే గాల్వన్ బండి కిందకి దూరాడు. వెనక చక్రాలకి పోయే షాఫ్టు ఉందా, దాన్ని మధ్యలో పట్టి ఉంచే బేరింగు పూర్తిగా అరిగిపోయిందిట. ఇంకొన్నాళ్లు అలాగే తోలితే షాఫ్టు ఊడి రోడ్డు మీద పడేదిట. ఓనరు వచ్చి ఆ అరిగిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. బండి నాకే ఉంచాడు.

ఇప్పుడు నూట పదిలో కూడా వణుకన్నదే లేదు. సంతోషించాలి కదా?

నిన్న బంకు దగ్గర ఆగాను. ఇంకా కొంచెం వణుకుతోంది, మళ్లీ ఓసారి కూర్చుంటావా అని అడిగాను. ఎందుకడిగానంటే ఏం చెప్పను? పాపం, పిండి చేతులు కడుక్కుని వచ్చింది. కళ్లు మూసుకుని, అరికాళ్లు ఆనించి, చాలా దూరం అలా కూర్చుంది. నేనలా తోలుతూనే ఉన్నా. ఎంత బాగుందనుకున్నావు.

ఆఖరికి కళ్లు తెరిచింది.

"ఇందులో వణుకేమీ లేదు, రోసెందో."

ఈసారి పెద్దాయనా అనలేదు చూశావా. పేరు పెట్టి అంది.

"తెలుసు" అన్నాను.

కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. కోపం లేదులే ఆ మొహంలో. కొట్టు వదిలేసి వచ్చాను, వెనక్కి తిప్పు అంది. తిప్పాను. తిప్పక ఏం చేస్తాను?

కాకపోతే, వచ్చేటప్పుడు బండిని డెబ్భై దాటనివ్వలేదు.