మక్సూద్ గారి మంగళవారాలు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది నవంబరు ఏడవ తేదీ, సోమవారం నాడు నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన మహమ్మద్ మక్సూద్ గారు, ముప్పై ఆరేళ్లకు పైబడిన నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. మన కార్యాలయ పత్రిక ఈ సంచికకు ఆయన గురించి రాసే బాధ్యత సహోద్యోగి నాగరాజుకు అప్పగించారు. అతను తన సంగతి కూడా ఇందులో చెప్పవలసి ఉంది. 'నేను' అని రాయబోతే చెయ్యి సాగలేదు కనుక, తన పేరు తానే పరాయివాడి పేరులా రాసుకుంటున్నాడు. పాఠకులు మన్నించగలరు.

తొలి పాతికేళ్లలో మక్సూద్ గారి దస్త్రంలో ఒక్క కొట్టివేత కూడా కనబడదు. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు చెరువుల పునరుద్ధరణ మొదలైనప్పుడు, మన పరిధిలోని చెరువుల అంచనాలు, మంజూరు ఉత్తర్వులు, కొలతల పుస్తకాలు అన్నీ ఆయన బల్ల మీదుగానే నడిచాయి. ఏ చెరువుకు ఎన్ని తూములో, నిండిన నీరు పొర్లే మత్తడి ఎంత పొడవో కాగితం చూడకుండా చెప్పగలిగిన ఆయన, ఆ చెరువుల్లో ఒక్కదాని కట్ట మీదనైనా తీరికగా కూర్చున్నది లేదు.

కొత్త జిల్లాలు ఏర్పడి దస్త్రాల విభజన ముగిసేనాటికి ఆయనకు నిద్ర కరువైంది. ఫైలు తెరిస్తే చెయ్యి వణికేది. రాసిన ఉత్తరాన్నే నాలుగుసార్లు సరిచూసుకొని, అయినా తప్పు దొర్లిందేమోనని భోజనం మధ్యలో లేచి వచ్చేవారు. నల్లగొండలో మనోవైద్యులు మందులిచ్చి, వారానికి ఒక పూటైనా ఆరుబయట, నీటి దగ్గర గడపమన్నారు. కట్టంగూరు దారిలోని ఒక చెరువు వద్ద, మత్స్యకారుల సంఘానికి చెందిన లచ్చయ్య ఆయనకు గాలం వేయడం నేర్పాడు. అప్పటి ఇంజనీరు గారు మంగళవారాలు గంట ముందుగా వెళ్లడానికి నోటిమాటగా అనుమతించారు. నీటిపై తేలే గాలపు బెండు మీద చూపు నిలిపి కూర్చున్న ఆ గంటన్నర సేపూ తలలోని లెక్కలు ఆగేవట. ఏడాదిలో చెయ్యి కుదుటపడింది. కార్యాలయంలో ఈ సంగతి మరెవరికీ తెలియదు.

రెండు వేల పద్దెనిమిది జూలైలో, తనిఖీ నుంచి మోటారు సైకిలుపై తిరిగివస్తున్న నాగరాజుకు కట్ట మీద గాలపు కర్రతో కూర్చున్న సీనియరు కనిపించారు. పని వేళ ఇంకా ముగియలేదు. అతను ఫొటో తీసి, 'ఫైళ్లు పెండింగు, చేపల వేట అర్జెంటు' అని రాసి కార్యాలయం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నవ్వులు కురిశాయి. ఆ సాయంత్రమంతా నాగరాజు వాటిని మళ్లీ మళ్లీ చూసుకుని మురిసిపోయాడు. ఆ మురిపెం గుర్తొస్తే నేటికీ అతనికి తల ఎత్తబుద్ధి కాదు.

అనుమతించిన ఇంజనీరు గారు అప్పటికే బదిలీ అయ్యారు. కొత్తవారు సంజాయిషీ అడిగారు. నలుగురూ నిలబడి ఉన్న గదిలో మక్సూద్ గారు జేబులోంచి వైద్యుల చీటీ తీసి బల్ల మీద పెట్టారు. అధికారి చదివి, నొచ్చుకొని, వెళ్లిరండి అన్నారు. కాని ఆయన మళ్లీ చెరువుకు వెళ్లలేదు. దసరా నాటికి చెయ్యి వణకడం తిరగబెట్టింది, మందులు పెరిగాయి, దీర్ఘ సెలవు పెట్టారు.

సెలవు పత్రంపై సంతకం కోసం నాగరాజునే ఇంటికి పంపారు. మక్సూద్ గారు లోపల పడుకుని ఉన్నారు. ఆయన సహధర్మచారిణి హలీమా గారు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టారు.

"ఎవరో ఫొటో తీసిండ్రట తమ్ముడూ. గప్పటిసంది చెరువు దిక్కు పోలే, ఇప్పుడైతే గడప గూడ దాటుత లేరు. చెరువుకు పోతే మనిషి మంచిగుండె. గా తీసినాయినకు మా ఇంటి ఫికర్ ఏమెరుక? పోనీ, అల్లా ఆయన్ని సల్లగ సూడాలె."

నాగరాజు ఆ చాయ్ తాగాడు. సంతకం తీసుకున్నాడు. బయటికి వచ్చి మోటారు సైకిలెక్కాడు.

వారం తరువాత మళ్లీ వెళ్లి, హలీమా గారు బజారుకు పోయిన వేళ చూసుకుని నోరు విప్పాడు.

"సార్, గా ఫొటో..."

"ఎరుకే నాగరాజు. గ్రూపుల పెట్టినోళ్ల పేరు కనవడ్తది గద."

"మరి భాభీకి చెప్పలే?"

"చెప్తే ఏమొస్తది? నువ్వొచ్చినప్పుడల్లా ఆమె మనసు కష్టపడ్తది."

"మంగళవారం చెరువుకు పోదాం సార్. నేను తోడొస్త."

ఆయన అడిగారు: "ఎవరన్న సూస్తే?"

ముప్పై ఏళ్లుగా ఎవరి ముందూ తల వంచని మనిషి చేత ఆ ప్రశ్న అడిగించింది తానేనని నాగరాజుకు తెలుసు.

"సూస్తే నన్ను గూడ సూస్తరు సార్," అన్నాడు.

వెళ్లారు. లచ్చయ్య ఎదురొచ్చి, "ఇన్ని దినాలు రాకపోతివి సాబ్, పాణం మంచిగ లేకుండెనా?" అన్నాడు. "లేకుండె లచ్చయ్యా" అన్నారు మక్సూద్ గారు. కారణం చెప్పలేదు, పక్కనున్నవాడి వంకా చూడలేదు. ఆనాడు పడింది ఒక్క చిన్న పరక చేప. దాన్నీ నీళ్లలోకే వదిలారు. మందులు సాగాయి, మంగళవారాలూ సాగాయి. వేసవి నాటికి ఆయన దస్తూరీ మునుపటి తీరుకు వచ్చింది. వైద్యులు మోతాదు తగ్గించారు. సూపరింటెండెంటుగా మహబూబ్‌నగర్ వెళ్లిన రెండేళ్లూ అక్కడా ఒక చెరువు వెతుక్కున్నారు. తిరిగి వచ్చాక, మనసు బాగోలేని ఇద్దరు చిన్న ఉద్యోగులను వైద్యుల వద్దకు తానే తీసుకువెళ్లారు.

నాగరాజు మాత్రం ఈ ఏడేళ్లలో ఎన్నో మంగళవారాలు ఆయన పక్కన కూర్చున్నాడు, ఆ ఇంట ఎన్నో చాయ్‌లు తాగాడు. గ్రూపులో క్షమాపణ కోరలేదు, హలీమా గారికి నిజం చెప్పలేదు. ఈ సంచిక ఆమె చేతికీ వస్తుంది. భాభీ, ఆనాడు మీరు 'ఎవరో' అని ఆశీర్వదించిన మనిషి పేరు నాగరాజు.

ఇది చదివాక ఆ ఇంటి తలుపు తీస్తారో లేదో అతనికి తెలియదు. తీసినా తీయకున్నా, మక్సూద్ గారికి కంటినిండా నిద్ర, వణకని చెయ్యి, భాభీ గారితో కలిసి ఆరోగ్యవంతమైన సుదీర్ఘ జీవితం లభించాలని, సిగ్గుతో వంచిన తలతోనే అయినా, నిండు మనసుతో కోరుకుంటున్నాడు.