మదర్‌బోర్డు మీద పెట్టిన ఎర్రచుక్క

నా పేరూ చిరునామా పై గడుల్లో నింపారు. వయసు ముప్పై ఎనిమిది. బట్టలు కుడతాను. ఈ వాంగ్మూలం నా ఇష్టంతోనే ఇస్తున్నాను, ఎవరూ బెదిరించలేదు. నన్ను బెదిరించేవాళ్ళు ఇంకా పుట్టలేదు. ఆ ముక్క కూడా రాసుకోండి.

నా చెల్లెలు మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆటలాడే కంప్యూటర్ కొనుక్కోవడం తనకిదే మొదలు. ప్రాసెసర్ వేగాన్ని కంపెనీ పెట్టినదానికంటే పెంచుకోవచ్చట, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. ప్రాసెసర్‌ని కూర్చోబెట్టే పలక మదర్‌బోర్డు, అన్ని మదర్‌బోర్డులూ అందుకు ఒప్పుకోవు. ఒప్పుకునేవాటిలో చవకది ఏదని మూడు వారాలు నా బుర్ర తినేసింది. మంగళవారం పదకొండుంబావుకి ఇద్దరం కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాం. యజమాని రెండు బోర్డులు బల్ల మీద పెట్టాడు. తక్కువ ధరదానికి వేగం పెంచే వీలు లేదన్నాడు. చెల్లెలు రెండోది తీసుకుంది.

చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. మార్చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఒకసారి నా కుట్టుమిషన్ బాగుచేయమని ఇస్తే కింది దారం కండె ఉండే కొత్త బాబిన్ కేసు తీసేసి పాతది పెట్టి పంపారు. అప్పట్నుంచి ఏ వస్తువు ఎవరి చేతికిచ్చినా గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి ఇస్తాను. సీసా నా సంచిలోనే ఉంటుంది. బోర్డు మధ్యలో నల్లటి ప్లాస్టిక్ చదరం ఉంది. యజమాని అటు తిరగగానే దాని మీద చుక్క పెట్టాను.

దుకాణంలో కంప్యూటర్లు బిగించే ఫిట్టర్ సామానంతా పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. నేనూ వస్తానన్నాను. "దుమ్ము పడుతుందండీ, ఇక్కడే కూర్చోండి" అని తలుపేసుకున్నాడు. నేనేమైనా దుమ్ము బస్తానా? నలభై నిమిషాల పనని యజమానే చెప్పాడు. యాభై పట్టింది. ఆ పది నిమిషాలు లోపల ఏం చేసినట్టు?

సాయంత్రం ఆరింటికి చెల్లెలు సెట్టింగులు తెరిచి, "వేగం పెంచేది కనబడట్లేదక్కా" అంది. నేను కంప్యూటర్ పక్క రేకు విప్పి టార్చి వేసి చూశాను. చుక్క లేదు. మళ్ళీ చూశాను. చుక్క లేదు.

బుధవారం పదింటికి, దుకాణంలో ఆరుగురు కొనేవాళ్ళ ముందు ఫిట్టర్ కాలర్ పట్టుకుని, బోర్డు మార్చేసిన దొంగ అన్నాను. "నేనేం మార్చలేదక్కా, ఒకసారి ఇంట్లో పెట్టె చూడండి" అన్నాడు. అక్కా అని పిలవకు అన్నాను. అక్కణ్ణుంచి ఈ స్టేషన్‌కొచ్చి ఫిర్యాదు ఇచ్చాను. మీరు అతణ్ణి తీసుకొచ్చారు.

ఈ రోజు ఉదయం ఏడింటికి చెల్లెలు బోర్డు వచ్చిన అట్టపెట్టె తెరిచింది. చిన్న కవర్లో ఆ ప్లాస్టిక్ చదరం ఉంది, దాని మీద నా చుక్క ఉంది. అది ప్రాసెసర్ కూర్చునే చోటికి మూత అట. అది తీస్తేనే ప్రాసెసర్ లోపలికి దిగుతుందట. అతను పారేయకుండా భద్రంగా పెట్టి పంపాడు. అప్పుడు కూడా, ఎవరైనా తెచ్చి పెట్టారేమోనని తలుపు గడియ చూశాను. చెల్లెలు పెట్టె మీది నంబరూ బోర్డు మీది నంబరూ కలిపి చూసింది. ఒకటే. వేగం పెంచే సెట్టింగు రెండో పేజీలో ఉంది. మేం మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాం.

వెంటనే యజమానికి ఫోన్ చేసి చెప్పాను. "నేను నమ్ముతానండీ. నిన్న విన్న ఆ ఆరుగురికీ ఎవరు చెప్తారు? అతన్ని అప్పుడే పనిలోంచి మాన్పించేశాను" అన్నాడు. ఫోన్ పెట్టేసి నేరుగా ఇక్కడికే వచ్చాను.

అతను నా వస్తువేదీ తీయలేదు, మార్చలేదు. అతణ్ణి వదిలేయమని కోరుతున్నాను. ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. నిన్నటి ఫిర్యాదు కింద కూడా అంతా నిజమనే సంతకం పెట్టాను.

(సంతకం)