ఎడమవైపు పిడి

అంటే ఆ అద్దాల బీరువాలో ఉన్న కెమెరా నెర్మీన్ కోసం ఎత్తిపెట్టారన్నమాట. సరే, పెట్టండి. నేనేమన్నాను? రెండేళ్ళుగా మీ కొట్టుకి వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడి చూసి వెళ్ళిపోతున్నది నేనేనని మీకు తెలుసు, ఈ అత్తారీన్ వీధి మొత్తానికీ తెలుసు. చూసినంత మాత్రాన ఎవరూ ఎత్తిపెట్టరు లెండి.

జవాబు చెప్పకండి అర్తిన్ గారూ. నోట్లో మూడు స్క్రూలు పెట్టుకుని మాట్లాడితే ఒకటి లోపలికి పోతుంది. పోయిన చలికాలం అలాగే పోయింది కదా. తల ఊపండి, నాకు చాలు.

ఆ పిల్ల కూర్చుని వెళ్ళిన స్టూలు ఇంకా వెచ్చగానే ఉంది. తుడిచి మరీ వేసినట్టున్నారు, నా స్కర్టుకి దుమ్ము అంటలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను ఆ రంగు డబ్బా మీద కూర్చుంటున్నాను. పుదీనా టీ కూడా తెప్పించారు, గ్లాసు ఇక్కడే ఉంది. నాకు పుదీనా పడదని మీరెప్పుడు తీర్మానించుకున్నారో మరి.

వద్దు, ఇప్పుడు తెప్పించకండి. దెప్పి తెప్పించుకున్న టీ నాకు గొంతు దిగదు.

పనిలో పడదాం. నా కెమెరా సంగతి మీరే తేల్చేశారు. షట్టరు గుడ్డ చిరిగింది, దానికి గుడ్డ ఇక దొరకదు, అంతే. మీ నాన్నగారి దగ్గర కొన్నది. మీరు ఆ మాట చెబుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, పెద్దాసుపత్రి డాక్టరులాగా. నాకేం ఏడుపు రాలేదు. లెన్సులు మూడున్నాయి, మూడూ నిక్షేపంలా ఉన్నాయి, వాటికి తగిలించడానికి ఒక బాడీ కావాలి. ఈ నెల మా బడి టీచర్ల చీటీ నాకొచ్చింది. సగం మా అమ్మాయి పళ్ళకి పోయింది. మిగిలింది ఆరు వేల పౌండ్లు. అందులో వచ్చేది చూపించమన్నాను, మీరు రెండు చూపించారు.

ఈ నల్లది చూడండి. ఇటుకంత బరువు. మీటరు చచ్చింది. దానికి నేను బాధపడను, ఈ ఊరి ఎండ ఏ పూట ఎంతో నా కళ్ళకి తెలుసు. కానీ మీట లాగండి ఒకసారి. విన్నారా? ఇసుక నములుతోంది. ఎవరో దీన్ని బీచిలో పారేసుకుని, ఉప్పునీళ్ళతోనే కడిగి తెచ్చారు. ఆర్నెల్లు. ఆ తర్వాత మళ్ళీ మీ ముందు, ఆ డబ్బా మీద, నేను.

ఇంకోటి ఇది. ముద్దుగా ఉంది, తేలికగా ఉంది, అంతా బ్యాటరీ మీద నడుస్తుంది. లోపలి పలక కాలిపోతే ఇది బాగవుతుందా? అదిగో, మీ కనుబొమలే చెబుతున్నాయి. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి నాకు ఆరు వేల బరువు అక్కర్లేదు.

మూడోది బల్ల మీద లేదు. మీ చేతిలో ఉంది, నెర్మీన్ మీకిచ్చేసి వెళ్ళిన పాతది. మీ నోట్లో ఉన్న స్క్రూలు దానివే.

అది నాకివ్వండి అని మొన్నా అడిగాను. ఇవ్వనన్నారు. 'మేడమ్ ఎగ్లాల్, దీనిలో లోపం ఎక్కడుందో నాకు దొరకలేదు, దొరకని లోపాన్ని మీకు అమ్మను, విప్పి విడిభాగాలకి వాడుకుంటాను' అన్నారు. ఆ నిజాయితీ పట్టుకుని ఏం చేసుకోమంటారు నన్ను? పదకొండు రోజులు చూశారు. ప్రతి స్పీడూ పరీక్షించారు. షట్టరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, గడియారంలా ఉంది. అయినా అమ్మరు. ఎందుకంటే దీనిలో నెర్మీన్ తీసిన రీలు ఒక్క బొమ్మా పడకుండా తెల్లగా వచ్చింది.

కొంచెం ఆగండి. ఆ నాలుగో స్క్రూ తీయకండి. నేను మాట్లాడుతున్నాను కదా.

ఆ కెమెరా ఆ పిల్ల చేత కొనిపించింది నేనే. 'నా కెమెరా లాంటిదే కొనుక్కో, నా లెన్సులు నువ్వూ వాడుకోవచ్చు' అన్నాను. మా శుక్రవారం ఫొటోల గుంపులో చేరి ఎన్నాళ్ళయిందనుకున్నారు? ఏడాదిన్నర. మొదటిరోజు లెన్సు మూత తీయకుండా పది ఫొటోలు తీసింది. అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

ఎనిమిదో నెలకి ఆ పిల్ల తీసిన బొమ్మ కల్చరల్ సెంటర్ గోడ మీద ఉంది. చేపలు కోసే ఆడవాళ్ళు, గుర్తుందా, ఒకావిడ మోచేత్తో చెమట తుడుచుకుంటూ. మీరే ప్రింటు వేశారు. వేసి నాకు చూపించి, 'ఈ పిల్లకి కన్నుంది' అన్నారు. నా ఇరవై ఎనిమిదేళ్ళ నెగటివ్‌లు బిస్కెట్ డబ్బాల్లో ఉన్నాయి అర్తిన్ గారూ. వాటిలో సగం మీరే కడిగారు. బాగా కడిగారు. నాకు కన్నుందని మాత్రం ఒక్కసారీ అనలేదు. 'శుభ్రంగా వచ్చాయి మేడమ్' అనేవారు. చొక్కాలు వచ్చినట్టు.

లేదు, తప్పు పట్టడం లేదు. శుభ్రంగానే ఉంటాయి నావి. అదే వాటి జబ్బు.

సరే, అన్‌ఫూషి పడవల రేవు సంగతి చెబుతాను. ఆ రోజు మీరు లేరు. నెర్మీన్ తాత రయ్యిస్ ఖమీస్ తన చివరి పడవని నీళ్ళలోకి దించిన రోజు. యాభై ఏళ్ళు పడవలు కట్టిన మనిషి, ఇక కట్టనన్నాడు. పొద్దున ఏడింటికే గొర్రెని కోశారు, పిల్లలు రక్తంలో చేతులు ముంచి పడవ ముక్కు మీద అద్దారు. మా గుంపంతా వెళ్ళాం. అలాంటి రోజుల్లో మాకో ఆచారం ఉంది, మీకూ తెలుసు. పెద్ద పని ముందు మొదటి రీలు నేను ఎక్కించాలి, అందరి కెమెరాల్లోనూ. అది ఆ నెర్మీన్ మొదలుపెట్టిందే. 'అబ్లా, మీరే ఎక్కించండి, మీ హస్తవాసి మంచిది' అంటుంది. బడిలో టీచరుని పిలిచే పిల్లలా అబ్లా అబ్లా అని వెంటపడుతుంది. ముప్పై ఏళ్ళు వచ్చాయి దానికి.

ఎక్కించాను. ఐదుగురివి. ఆఖర్న దానిది.

ఫిల్ము కొస కుడివైపు కండెలో దూర్చాలి, పళ్ళు పట్టుకున్నాయో లేదో చూసి వెనక తలుపు వెయ్యాలి, మీట రెండుసార్లు లాగి ఎడమవైపు పిడి తిరుగుతోందో లేదో చూడాలి. పిడి తిరిగితే ఫిల్ము నడుస్తున్నట్టు. తిరగకపోతే కొస జారిపోయినట్టు. మళ్ళీ తెరిచి దూర్చాలి. అరనిమిషం పని. వాళ్ళకి నేర్పింది నేనే.

మీట లాగాను. పిడి తిరగలేదు.

అలా చూడకండి. మొదట చెయ్యి తలుపు మీదికే వెళ్ళింది, నిజం. ఈలోపు ఆ పిల్ల 'ఇచ్చెయ్యండి అబ్లా, తాత వస్తున్నాడు' అంది. ఇచ్చేశాను. తొందరలో ఇచ్చాననుకుందాం. మొదటి నిమిషానికి ఆ మాట సరిపోతుంది. మిగతా గంటన్నరకి సరిపోదు.

గంటన్నర దాని పక్కనే ఉన్నాను. అది మీట లాగినప్పుడల్లా నా చూపు ఎడమ పిడి మీదే. కదలదు. లెక్క చూపించే ముల్లు మాత్రం మూడు, నాలుగు, ఐదు అంటూ నడుస్తోంది. ఆ ముల్లుకి ఫిల్ముతో పనిలేదు కదా. పదో ఫొటో దగ్గరైనా 'ఇలా ఇవ్వు, ఒకసారి చూస్తాను' అని ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. అప్పుడే పడవ కదిలింది. జనమంతా అటు పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను, ముక్కు దగ్గరికి. నెర్మీన్ రాలేదు. తిరిగి చూస్తే మెట్ల మీద కిందికి వంగి ఉంది, సముద్రానికి వీపు పెట్టి. ఏం చూస్తోందా అని చూశాను. వాళ్ళ తాత. ఆయన పడవని చూడటంలేదు. ఖాళీ అయిపోయిన చెక్క దిమ్మెల్ని చూస్తున్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.

ఫొటో అక్కడుందని నాకప్పుడు తెలిసింది. తెలిశాకైనా అక్కడికి వెళ్ళొచ్చా? వెళ్ళలేను. అది దాని చోటు. నాకు పడవ వచ్చింది. దానికి మనిషి దొరికాడు.

అందుకే చెప్పలేదు. మర్చిపోయి కాదు.

చివర్న అది పరుగెత్తుకొచ్చి, 'ముప్పై ఆరుకి ముప్పై ఏడు వచ్చాయి అబ్లా, ఒకటి ఎక్కువే, చెప్పానా మీ హస్తవాసి అని' అంది. ఫిల్ము నేను వెనక్కి చుట్టి ఇస్తానని కెమెరా తీసుకున్నాను. మూడు చుట్లకే కొస లోపలికి పోయింది. మిగతా ముప్పై చుట్లూ ఉత్తినే తిప్పాను. అది చూస్తోంది మరి.

ఆ ముప్పై చుట్లు, అర్తిన్ గారూ. మిగతాదంతా ఎలాగోలా సర్దుకోవచ్చు. అవి సర్దుకోవు.

స్నానాల గదిలో కడుక్కుంది రీలు. అద్దంలా తెల్లగా ఉంది, అంచున అంకెలు తప్ప ఏమీ లేవు. నాకు ఫోను చేసి ఏడ్చింది. 'షట్టరు తెరుచుకున్నట్టు లేదు అబ్లా' అంది. ఫిల్ము పట్టుకోలేదేమో అన్న అనుమానం ఎవరికైనా ముందు వస్తుంది. దానికి రాలేదు. మీకు వచ్చింది, అడిగారట కూడా. ఏమందో చెప్పనా? 'ఎక్కించింది అబ్లా ఎగ్లాల్' అందట. మీరు వెంటనే, 'అయితే కెమెరాలోనే ఉంది లోపం' అన్నారట. అదే వచ్చి నాకు చెప్పింది, మురిసిపోతూ. ఇద్దరూ కలిసి లేని జబ్బుకి పదకొండు రోజులు వైద్యం చేశారు, నా మీద గౌరవంతో.

నా పడవ ఫొటోని ఎగ్జిబిషన్‌లో పెట్టారు. అది చూసి నెర్మీన్ నన్ను గట్టిగా పట్టుకుని, 'ఆ రోజుని మీరైనా నిలబెట్టారు అబ్లా' అంది. వచ్చినవాళ్ళంతా పడవ శుభ్రంగా వచ్చిందన్నారు. మర్నాటికి నా షట్టరు గుడ్డ చిరిగింది. మీరు నవ్వాలనుకుంటే నవ్వండి, స్క్రూలు జాగ్రత్త.

ఆ సొరుగులో పాడైపోయిన రీలు ఒకటుంటుంది, పిల్లలకి నేర్పడానికి. ఇటివ్వండి. కెమెరా కూడా. ఇవ్వండి, పారిపోనులెండి, ఈ మోకాళ్ళతో ఎక్కడికి పారిపోతాను.

చూడండి. ఇది జారిపోయేలా. తలుపు వేశాను. మీట. పిడి చూడండి. లేదు కదా? మళ్ళీ మీట. లేదు.

ఇప్పుడు తెరిచాను. కొస గాడిలోకి, పళ్ళ మీదికి, తలుపు. మీట.

తిరిగింది. చూశారుగా. దీనికి ఏ లోపమూ లేదు.

తీసేశారా స్క్రూలు నోట్లోంచి? మంచిది. ఇప్పుడేమంటారు?

ఫోను తీస్తున్నారా?

దాన్ని పిలుస్తారా. పిలవండి. కెమెరాకి ఏమీ కాలేదని తెలిస్తే ఇదే ఉంచుకుంటుందేమో, బీరువాలోది వద్దంటుందేమో. అప్పుడది మళ్ళీ అద్దాల వెనకే ఉంటుంది, నేను చూస్తూ ఉండొచ్చు. అవును, ఆ ఆలోచనా వచ్చింది. ఇంతసేపు నిజం చెప్పి ఇదొక్కటీ దాస్తే ఏం లాభం? చెయ్యండి ఫోను. నేను చెప్పిందంతా చెప్పండి. ముప్పై చుట్లు కూడా. స్పీకర్‌లో పెట్టండి, నాకు వినిపించాలి.

ఊఁ.

విన్నారా? నవ్వుతోంది. 'అబ్లా నన్ను ఓదార్చడానికి తప్పు తన మీద వేసుకుంటున్నారు, ఆమె మాట వినకండి అర్తిన్ అంకుల్' అంటోంది. ఆ పాత కెమెరా నాకే అమ్మేయమంటోంది, నా చేతిలో పడితే బాగవుతుందట.

వద్దు, మళ్ళీ చెప్పకండి. పెట్టేయండి ఫోను. మీరు నా మీద ఒట్టు వేసి చెప్పినా నమ్మదు. నన్ను నమ్మడం మానదు. అదే నేను ఓర్వలేనిది, ఆ కన్నుకన్నా కూడా.

సరే, బిగించండి ఆ స్క్రూలు. లోపం లేని కెమెరాకి ఎంతవుతుందో అంతా తీసుకోండి, విడిభాగాల లెక్కన మీరు దానికిచ్చింది పోగా మిగిలేది ఆ పిల్లకి చేర్చండి. మంచితనం అనుకోకండి. దాని ముందు చవగ్గా నిలబడటం నాకు ఇష్టం లేదు, అంతే.

ఆ టీ చెప్పండి ఇప్పుడు. పుదీనా వెయ్యమనండి.