ఖాళీగా వదిలిన గడి

ఒక్క గడి నింపలేదని అర్జీ వెనక్కి పంపేస్తే ఎలా బాబూ? కళ్ళు మసకబారిన మనిషి, నాలుగు పేజీలు తన చేత్తోనే రాసింది.

నాది కాదులెండి, మా కుట్టు టీచరుది. ఇరవై ఆరేళ్ళు ఒకే బడి మాది. నేను లెక్కలు, తను కుట్టుపని. కంటి ఆపరేషన్‌కి దాచుకున్నదంతా ఆ బ్యాటరీ కంపెనీ షేర్లలో పోసింది.

తెలియక పోసిందా అంటారా? అదే కదా నా బాధ. ధర ఎలా ఉబ్బుతుందో పిల్లలకి ఏటా చూపించేదాన్ని. తన గుండీల డబ్బాలోంచి తలా పది పంచి, ఒక సుద్దముక్క అమ్మకానికి పెట్టేదాన్ని. ఒకడు ఒక గుండీకి కొంటాడు, పక్కవాడికి రెండుకి అమ్ముతాడు, వాడు నాలుగుకి. సుద్దముక్క అదే, పెరిగేది ఆశ. అర్థమవుతోందా? గంట కొట్టేసరికి ఎవరి చేతిలో ఉంటే వాడు ఏడ్చేవాడు. అప్పుడు ఆట ఆపి, వాడికి కొన్ని గుండీలు తిరిగి ఇప్పించేదాన్ని. మీ సర్కారూ అదేగా చేస్తోంది? అమ్మకాలు ఆపారు, కమిటీ వేశారు, ఎవరి మాట విని కొన్నారో రాస్తే కొంత ఇస్తామన్నారు.

తను గుమ్మంలో నిలబడి నవ్వేది. "నా గుండీలు నాకు లెక్కగా అప్పజెప్పు వదినా" అనేది.

అంత చూసిన మనిషి, ఆ బుధవారం మా ఇంటికొచ్చి అడిగింది. "నువ్వు చెప్పు వదినా, కొననా?"

నా దగ్గరున్న ఆ షేర్లు నేను సోమవారమే సగం అమ్మేశాను బాబూ. మిగతా సగం ఇంకా చేతిలో ఉంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది, విని మా రిటైరైన టీచర్లందరికీ చెబుతుంది, అందరూ అమ్మితే ధర పడిపోతుంది... ఇదీ నా లెక్క.

"కొను, ఇంకా పెరుగుతుంది" అన్నాను.

గురువారం నావన్నీ వదిలించుకున్నాను. శుక్రవారం అంతా కూలింది.

మొన్న అర్జీ రాస్తుంటే పక్కనే కూర్చున్నాను. "ఎవరి సలహా మీద కొన్నారు" అన్న గడి దగ్గర కలం ఆపింది. నా వైపు చూసింది. "గుర్తు లేదు వదినా" అని పేజీ తిప్పేసింది.

ఇలా ఇవ్వండి. ఆ గడి నేను నింపుతాను.

నా మీద కేసవుతుందా? అవనివ్వండి. తనకి చూపు రావాలి.

ఇదిగో, ఇంటిపేరుతో సహా రాశాను. చదవడానికి వీలుగా ఉందా?

ఆ గుండీల డబ్బా ఇంకా మా బీరువాలోనే ఉంది బాబూ. ఏ మొహం పెట్టుకుని తిరిగివ్వను?